రెండు తొట్ల చేపలామె

నేను పాసయ్యాను! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, జువాలజీలో ఫస్ట్ క్లాస్! వైవాలో పఫర్ చేప గురించి అడిగారు. "విషం దాని సొంతం కాదు సార్, తిండిలోంచి వస్తది. తిండి మారిస్తే తగ్గుతది" అన్నాను. ఈ జవాబు నాకు ముందే నేర్పింది బొల్లారంలో చేపలమ్మే ఆమె.

ఆమెకు రెండు తొట్లు. మందుల కంపెనీ మురికినీళ్లు కలిసే చెరువు చేపల్ని ఒకదాంట్లో బోరునీళ్లు పోసి, తవుడు పెట్టి నెల ఉంచేది. అవి తన ఇంటికి. అప్పుడే పట్టినవి రెండో తొట్టిలో, కంపెనీ బస్సు దిగేవాళ్లకు.

ఆ కంపెనీలోనే పనిచేసే నాన్నకు ఒకరోజు రెండోదాంట్లోంచి తీసింది.

"అత్తా, గా తొట్టిలది ఇయ్యవా?" అన్నాను.

చేప పొట్టను అలవాటుగా బొటనవేలితో నొక్కి నవ్వింది. "అవి మా పిల్లలకు, బిడ్డా. మీ నాయిన దినాం మందుగాలే తింటడు. గీయన్ని కొరికితే చేపే సస్తది!"

బస్సు దిగినవాళ్లందరితో పాటు నాన్న కూడా నవ్వాడు. ఇంటికొచ్చి ఆ చేపంతా తనే తిన్నాడు, నాకు ఒక్క ముక్క కూడా పెట్టలేదు.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: బొంతపల్లి మేనత్త, ట్యూషన్ అక్క, షిఫ్టులో ఉన్న నాన్న. ఆయనకు ఇక పని మానెయ్యమని కూడా చెప్పాలి. చివరగా చేపలామె. ఇరవై ఏళ్లు మందుగాలి తిన్న మనిషికి ఎన్ని నెలల తవుడు కావాలో అడగాలి.