పదకొండు స్లయిడ్లు

పదకొండు గాజు స్లయిడ్లు ఎంత బరువుంటాయి? చొక్కా జేబులో వేసుకుంటే బరువే తెలియదు. నేను వాటిని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. నాతో పనిచేసినవాళ్ళకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోందేమో.

ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో నేను మలేరియా వర్కర్ని. ఉక్కు ఫ్యాక్టరీ పనులు జరుగుతున్న రోజులు. గాజువాక దాటాక సముద్రం వైపున్న కొన్ని పల్లెలు నాకిచ్చారు. పదిహేను రోజులకొకసారి ప్రతి గడపకూ వెళ్ళాలి. జ్వరం ఉందా, ఈమధ్య వచ్చి పోయిందా అని అడగాలి. ఉందంటే వేలు పొడిచి, స్లయిడు మీద రక్తం పూసి, పేరు రాసి, బిళ్ళలివ్వాలి. తలుపు పక్కన గోడ మీద గళ్ళు గీసి ఉంటాయి. వచ్చినట్టు అందులో తేదీ వేసి సంతకం పెట్టాలి. స్లయిడ్లను ఆఫీసులో మైక్రోస్కోపు కింద చూస్తారు. ఒక్కరి రక్తంలో మలేరియా కనిపించినా ఊరంతా మంచం పట్టకముందే మందు చేరాలి. చిన్న ఉద్యోగమే. కానీ జబ్బు వస్తోందని అందరికన్నా ముందు పసిగట్టాల్సినవాణ్ణి నేనే.

ఆ వానాకాలంలో ఒక జాలరి పల్లెకు వెళ్ళాల్సిన రోజున నేను వెళ్ళలేదు. దారంతా బురద. రెండు రోజులుగా ఒళ్ళు నొప్పులు, తల బరువు. వానలో తిరగడం వల్లేననుకున్నాను. పల్లెకు ఇవతల సరుగుడు తోటలో ఒక చెట్టు కింద గొడుగేసుకుని కూర్చున్నాను. రిజిస్టరు తీశాను. పదకొండు పేర్లు చూసుకున్నాను. నా ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటీ పొడుచుకుని, పదకొండు స్లయిడ్లూ నా రక్తంతోనే పూశాను.

అదే మొదటిసారని చెప్పాలనుంది. కాదు. అంతకుముందూ చేశాను, రెండో మూడో సార్లు. నా రక్తంలో ఏమీ ఉండదు, ఎవరికీ ఏమీ కాదు, అనుకునేవాణ్ణి. ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా అని అడిగేవాణ్ణి, ఆ పూట నన్ను నేను అడగలేదు.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. పదకొండింటిలోనూ మలేరియా ఉంది. అదీ మెదడుకెక్కే రకం. ఆఫీసంతా కదిలింది. నాకు మాత్రం ఆ క్షణంలోనే అర్థమైంది. జబ్బు ఊరికి కాదు, నాకు. గోడ చాటుకు వెళ్ళి నా సంచీలోని బిళ్ళలే మింగాను.

మర్నాడు మా మలేరియా ఇన్‌స్పెక్టరుతో పల్లెకు వెళ్ళాను. మొదటి గడప నూకాలమ్మది. వాకిట్లో చేపలు ఎండేస్తోంది.

"నాకు జొరవేటి బాబూ? పొద్దున్నే గంపెత్తుకుని గాజువాకెల్లి అమ్ముకొచ్చినాను. జొరవొచ్చినోల్లు గంపలెత్తుతారేటి?"

"కొందరికి పైకి తెలియదమ్మా. నీ రక్తంలో కనబడింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నా రత్తం మీకెలా దొరికినాది?" ఆమె తన వేళ్ళు తిప్పి చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. "నా ఏలు ఎప్పుడు పొడిసినావు నువ్వు?"

"మర్చిపోయావా పిన్నీ? మొన్న వానలో వచ్చాను కదా."

"వానలోనా!" ఆమె పక్కింటి వైపు తిరిగింది. "ఒలే, ఆ వానలో మలేరియా బాబు మనూర్లోకొచ్చినాడంట. సూసినావేటే?"

అటునుంచి నవ్వులు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. గోడ మీది గళ్ళ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఆ రోజు సంతకం ఏదయ్యా?"

"వానకి కారిపోయింది సార్."

మిగతా తేదీలేవీ కారలేదు. ఆయన ఆ మాట అనేలోపే నేనన్నాను: "సార్, సరుగుడు తోట పక్కన కొందరు మన్యం నుంచొచ్చి గుడిసెలేసుకున్నారు. వాళ్ళొచ్చాకే ఇదంతా."

ఆయన గోడ మీంచి చూపు మరల్చాడు. నూకాలమ్మ కూడా తన వేళ్ళ సంగతి మర్చిపోయింది. "అదీ! నాను అనుకుంతనే ఉన్నాను. మన్యం జొరం అట్టుకొచ్చినారు," అంది. నా గుండె దడ తగ్గింది. ఇంత తేలిగ్గా తగ్గిందేమిటా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ గుడిసెలే నా నోటికి ఎందుకొచ్చాయి? మన్యంలో మలేరియా ఎక్కువని అందరికీ తెలుసు కాబట్టి, వెంటనే నమ్ముతారనా? లేక ఆ రోజు తోటలో కూర్చున్న నన్ను ఆ గుడిసెల్లోంచి ఎవరైనా చూసి ఉంటారన్న అనుమానమా? వాళ్ళు అక్కడ లేకుండా పోతే బాగుండునని ముందే అనుకున్నానా? ఎన్నిసార్లు వెతికినా నాలో ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు దొరకదు. రెండూ నిజమేనేమో.

ఆ గుడిసెల్లో పద్నాలుగు మంది. ఫ్యాక్టరీ దగ్గర మట్టిపనికి వచ్చినవాళ్ళు. పెద్దవాడు పండన్న. ఆ సాయంత్రమే వాళ్ళ రక్తం తీశాను. ఈసారి నిజంగా, ఒక్కొక్కరి వేలూ పొడిచి. పిల్లలు భయపడతారని పండన్న ముందు తన చెయ్యి చాపాడు. అయిపోయాక అడిగాడు: "ఎప్పుడు తెలుస్తాది బాబూ? మద్దేనం నుంచి నూతికాడకి మమ్మల్ని రానివ్వట్లేదు. ఏటీ లేదని తెలిస్తే నువ్వొచ్చి ఆల్లకి సెప్పాలి. మేం సెప్తే ఇనరు." వచ్చి చెబుతానన్నాను.

వాళ్ళ ఆడవాళ్ళు నీళ్ళకోసం దూరంగా పారే గెడ్డకు నడవడం మొదలుపెట్టారు. ఊళ్ళో దుకాణంలో వాళ్ళకు ఉప్పు కూడా ఇవ్వలేదు. ఆరో రోజున ఆఫీసులో రిపోర్టు నా చేతికిచ్చారు. పద్నాలుగు మందికీ ఏమీ లేదు. ఆ కాగితం పట్టుకుని పల్లెలోకి వెళ్ళి నాలుగు ముక్కలు చదివితే చాలు. చదివితే ఏమవుతుంది? మరి ఆ జబ్బు ఎవరిదని అడుగుతారు. నూకాలమ్మ మళ్ళీ తన వేళ్ళు చూసుకుంటుంది. ఇన్‌స్పెక్టరు మళ్ళీ గోడ చూస్తాడు. కాగితాన్ని మడిచి పాత కాగితాల అడుగున పెట్టేశాను. తొమ్మిదో రోజున పల్లెవాళ్ళు వెళ్ళి గుడిసెలు పీకేశారు. నేను వెళ్ళేసరికి తడిసిన తాటాకులున్నాయి. మనుషులు లేరు.

మరుసటి నెలలో పల్లెలో ఇద్దరికి నిజంగానే జ్వరమొచ్చింది. ఒకరు నూకాలమ్మ. బతికింది. మన్యపోళ్ళు వదిలిపోయిన జొరమని అందరూ అన్నారు. నేనూ తలూపాను. నా ఒంట్లో జబ్బు ఉన్న రోజుల్లో నేను ఎవరి అరుగుల మీద సాయంత్రాలు కూర్చున్నానో, నన్ను కుట్టిన దోమలు ఆ తర్వాత ఎవరిని కుట్టాయో ఎవరికి తెలుసు? ఆ అనుమానం ఇప్పటికీ తీరలేదు. తీరే దారీ లేదు.

అయిదారేళ్ళ తర్వాత, ఉక్కునగరంలో ఒక క్వార్టరు ముందు మొక్కలకు పాదులు తీస్తున్న మనిషి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పండన్న. నాకన్నా ముందు అతనే గుర్తుపట్టాడు. తిట్టలేదు. గునపం గోడకు ఆనించి, నెమ్మదిగా అడిగాడు.

"బాబూ, ఆ రత్తం సీటీ ఒచ్చినాదేటి? మా రత్తంలో ఏటున్నాదంట? మా ఇంటిది ఇప్పటికీ కొళాయికాడ అందరూ పట్టుకున్నాకే బిందెడతాది. తన ఒంట్లో ఏటో ఉన్నాది, అందుకే ఎల్లగొట్టినారంతాది. నాను లేదంటే నమ్మదు."

నేనేమన్నానో తెలుసా? "చాలా రోజులైంది కదా. గుర్తులేదు," అన్నాను.

అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. అతనికి తెలుసని ఆ చూపులో నాకనిపించింది. లేక అదీ నా అనుమానమేనా? గునపం తీసుకుని మళ్ళీ వంగి పనిలో పడ్డాడు. నేను సైకిలెక్కి వచ్చేశాను. మళ్ళీ ఆ వీధికి వెళ్ళడానికి ఏడాది పట్టింది. అప్పటికి అతను అక్కడ లేడు. ఎక్కడికి పోయాడని ఎవరినీ గట్టిగా అడగలేదు. దొరుకుతాడేమోనని భయం.

పండన్నా, రిపోర్టు వచ్చింది. మీరింకా అక్కడుండగానే వచ్చింది. నీ రక్తంలో, నీ భార్య రక్తంలో, పిల్లల రక్తంలో ఏమీ లేదు. ఉన్నది నా రక్తంలో. ఇది నీ భార్యకు చేరాల్సిన మాట. చేరదని తెలిసీ ఇక్కడ రాస్తున్నాను. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆమెకు దక్కాల్సిన ఆ తేలికను, ఇక్కడ కూడా నేనే తీసుకున్నాను.