‘లేదు’ అని టిక్ పెట్టిన ప్రశ్న

2019 జూన్. టొరంటోకి తూర్పున, ఏజాక్స్‌లోని ఒక ప్లాజాలో మందుల షాపు పైన మా ఆఫీసు. ఇమిగ్రేషన్ కన్సల్టెంట్‌గా నాకు లైసెన్స్ వచ్చి అప్పటికి నాలుగేళ్లు. తెలుగు విద్యార్థులు కాలేజీలకి వెల్లువలా వస్తున్న రోజులవి. వారంలో సగం నాకు వాళ్ల దరఖాస్తులతోనే గడిచేది.

మౌనికది సూర్యాపేట. ఇక్కడికి మూడు గంటలకు పైగా ప్రయాణం ఉన్న సార్నియా అనే ఊళ్లో రెండేళ్ల డిప్లొమా పూర్తి చేసి, అక్కడే ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తోంది. చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే వర్క్ పర్మిట్ కోసం నా దగ్గరికి వచ్చింది. మామూలుగా అది గంటలో తేలే పని. కానీ ఫారంలో ఒక ప్రశ్న దగ్గర ఆమె ఆగిపోయింది. ఏ దేశమైనా ఎప్పుడైనా మీకు వీసా నిరాకరించిందా?

కెనడాకి రాకముందు అమెరికా వీసా రెండుసార్లు రిజెక్ట్ అయిందట. ఆ సంగతి, కెనడా స్టూడెంట్ వీసా ఫారం నింపిన ఊళ్లో ఏజెంటుకి చెప్పిందట. మరి అతను ఫారంలో ఏం రాశాడని అడిగితే తెలియదంది. సంతకం మాత్రం తనదే.

పాత దరఖాస్తు కాపీ కోసం ప్రభుత్వానికి రాశాం. వచ్చేసరికి నెల పట్టింది. అందులో ‘లేదు’ అని ఉంది.

దీన్ని మా భాషలో మిస్‌రెప్రజెంటేషన్ అంటారు, తప్పుడు సమాచారం ఇవ్వడం. రుజువైతే ఐదేళ్లు కెనడాకి రాకుండా నిషేధం. ఫారం ఎవరు నింపినా, సంతకం పెట్టినవాళ్లదే బాధ్యత. ఇప్పుడు ‘అవును’ అని రాస్తే పాత అబద్ధాన్ని మనమే బయటపెట్టినట్టు. రూమ్మేట్లు మళ్లీ ‘లేదు’ అనే రాసెయ్యమన్నారట. అలా అయితే ఆ ఫైలు నేను పంపనని ముందే చెప్పాను.

“నిజం రాస్తే పంపిచ్చేస్తరా మేడమ్?” అని అడిగింది.

“పంపించొచ్చమ్మా. పంపించరని నేను మాటివ్వలేను.”

ఫారంలో ఆ ప్రశ్నని మళ్లీ ఒకసారి చదివింది. “రేపు పీఆర్‌కి పెట్టినా ఇదే అడుగుతరు గదా. ఈ అబద్ధం ఎన్నేండ్లు యాది పెట్టుకోవాలె? ‘అవును’ అనే రాయండి” అంది. పీఆర్ అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి ఇచ్చే అనుమతి.

దరఖాస్తుకి జతచేసే వివరణ లేఖ నేనే రాశాను. తప్పంతా ఏజెంటు మీద పెట్టాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, తాను చదవకుండా సంతకం పెట్టిన సంగతి కూడా రాయమంది. అది మన వాదనని బలహీనం చేస్తుందన్నాను.

“అది రాయకపోతే ఇది గూడ సగం అబద్ధమే గదా మేడమ్.”

నాకు నచ్చకపోయినా, ఆమె చెప్పిన మాటలే చివర్లో చేర్చాను. అమెరికా రిజెక్షన్ల గురించి ఆమె పెట్టిన మెసేజ్, దానికి ఏజెంటు ‘అవసరం లేదు’ అని ఇచ్చిన జవాబు కూడా జతచేశాం.

అక్టోబర్‌లో ఇమిగ్రేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. మీ మీద నిషేధం ఎందుకు విధించకూడదో చెప్పండి అన్నది దాని సారాంశం. నిర్ణయానికి ముందు అలా ఒక అవకాశం ఇస్తారు. జవాబు పంపి ఎదురుచూశాం. ఆ వారాల్లో ఆమె షిఫ్టులు మానలేదు కానీ, ఒక సూట్‌కేసు సర్ది మంచం కింద పెట్టుకుందని తర్వాత తెలిసింది.

డిసెంబర్‌లో వంటగది నుంచే ఫోన్ చేసింది. వెనకాల గిన్నెల చప్పుడు. “పర్మిట్ వచ్చింది మేడమ్, మూడేండ్లకు ఇచ్చిన్రు” అంది.

కొన్నాళ్లకి, పీఆర్ పనిమీద ఆమె ఫైలులో ఇమిగ్రేషన్ వాళ్లు రాసుకున్న నోట్స్ తెప్పించాను. ఆఫీసర్ తన నిర్ణయానికి కారణం ఒక్క వాక్యంలో రాశాడు: దరఖాస్తుదారు విషయాన్ని తానే బయటపెట్టింది, తన పొరపాటుకి బాధ్యత తీసుకుంది. నా చిత్తుప్రతిలో ఆ రెండో ముక్క లేదు.

నిజం రాసినవాళ్లందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. రాసి తిరస్కారం అందుకున్నవాళ్లనీ చూశాను. కానీ అప్పటి నుంచి ఏ ఫైలైనా పంపేముందు స్క్రీన్ క్లయింటు వైపు తిప్పి, ప్రతి ప్రశ్నా, దాని జవాబూ వాళ్ల చేతే పైకి చదివిస్తున్నాను. తమ పేరు మీద వెళ్లే కాగితాన్ని పూర్తిగా చదవడం చాలామందికి అదే మొదటిసారి.