కృష్ణా జిల్లా మీద అచ్చువేసిన మంచుకొండ

ఆ మంచుకొండ కృష్ణా జిల్లాకు తనంతట తాను రాలేదు. తెచ్చి ఇక్కడ పెట్టింది ఒక దినపత్రిక.

కొత్త శతాబ్దం మొదలైన వేసవి అది. దక్షిణ ధ్రువం దగ్గర మన జిల్లా కంటే పెద్ద మంచుకొండ ఒకటి విరిగి సముద్రంలోకి వచ్చింది. ఎంత పెద్దదో పాఠకులకు తెలియాలని ఆ పత్రికవాళ్లు జిల్లా మ్యాపు గీసి, దాని మీద మంచుకొండను తెల్లగా పరిచారు. బందరు, ఉయ్యూరు, హనుమాన్ జంక్షన్ అన్నీ దాని కిందే. ఇది పోలిక మాత్రమేనని చెప్పే వాక్యం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఏటా పేపర్లో తుఫాను బొమ్మలు చూసి సామాను సర్దుకునే జనం మేము. మ్యాపు మీద తెల్లటి ముద్ద కనబడితే అది రాబోయే ఆపద అనే చదువుకుంటాం. ఆ మాత్రం ఇంగితం లేనివాళ్లు డెల్టాలో పత్రిక ఎందుకు నడపాలి?

అప్పట్లో నేను బెజవాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. మా వీధికి చేపలు తెచ్చే ఆమెది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. ఒకరోజు ఆమె గంప దించి, బేరం మాట ఎత్తకుండా, మడత పెట్టిన కాగితం తీసి చూపింది. ఆ బొమ్మే.

“ఇది ఎప్పుడొత్తదండి మాస్టారూ?”

“రాదమ్మా. ఎంతుందో చెప్పడానికి వేసిన బొమ్మ ఇది.”

“నాకు చెబితే ఏం లాభమండి? మా ఆయన పడవ అమ్మేత్తానంటన్నాడు. ఆదివారం కొనేవోళ్లు వత్తన్నారు. పడవ పోతే ఇంక రొయ్యల చెరువుల కాడ కూలికి పోవాల్సిందే. మీరొచ్చి ఆయనకి చెప్పండి.”

కొనేది ఎవరని అడిగాను. గుణదల వైపు ఉండే ఒక వ్యాపారి. బీఎస్సీ చదివినవాడు. ఏదో పీఠం తాలూకు భజన మండలికి పెద్ద. ఉగాదినాడు ఆ పీఠంలో పంచాంగం చదివినాయన ఈ ఏడు జలగండం ఉందన్నాడట. ఆ ముక్కనూ ఈ బొమ్మనూ కలిపి పల్లెపల్లెకూ తిప్పుతున్నది ఈ వ్యాపారే. నాకు ఒళ్లు మండింది.

ఏలూరు రోడ్డులో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి కూర్చున్నాను. ఉపగ్రహ రాడారు ఆ మంచుకొండను కొన్ని వారాల తేడాతో తీసిన రెండు చిత్రాలు దొరికాయి. తెర మీద అవి గీత తరవాత గీతగా దిగేసరికి నా సహనం సగం అయిపోయింది. ప్రింట్లు తీయించి, ఆదివారం బందరు బస్సెక్కాను.

ఆమె భర్త మెడలో ఆ పీఠంవాళ్లు కట్టిన తాయెత్తుతో, ఒడ్డున తన పడవ అంచు మీదే కూర్చుని ఉన్నాడు. చిన్నప్పుడు ఉప్పెనలో తల్లిని పోగొట్టుకున్నవాడు. ఆ మనిషి భయాన్ని నేను వెక్కిరించను. ఆ భయంతో వ్యాపారం చేసేవాణ్ణి మాత్రం వదలను. ఆ వ్యాపారి కూడా అప్పటికే వచ్చి, కుంకుమ బొట్టుతో, ఇస్త్రీ చొక్కాతో పడవకు చేరగిలబడి ఉన్నాడు.

ప్రింట్లు చూసి భర్త అడిగాడు: “అక్కడ నెలల తరబడి చీకటంటగా మాస్టారూ. చీకట్లో ఫొటో ఎట్టా తీశారు?”

“ఇది కెమెరా ఫొటో కాదయ్యా. ఉపగ్రహం పైనుంచి రేడియో తరంగాలు కిందికి పంపుతుంది. అవి తగిలి తిరిగొచ్చిన తీరును బట్టి బొమ్మ కడుతుంది. బావిలోకి కేకేస్తే తిరిగి వినపడుతుంది చూడు, అట్లా. చీకటైనా మబ్బైనా దానికి అడ్డం లేదు.”

రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకేసి పట్టుకున్నాను. రెండిట్లోనూ ఒడ్డు గీతలు అతికినట్టు కలిశాయి. మంచుకొండ మాత్రం గోరంత జరిగి ఉంది. “ఇన్ని వారాల్లో నడిచింది ఇంతే. అదీ అక్కడి ఒడ్డు వెంబడే.”

“దారి తప్పి ఇటొత్తే?”

“మీ ఆవిడ గంపలో ఐసు బెజవాడ చేరేసరికి ఎంత మిగులుతుంది?”

“నీళ్లండి,” అంది ఆమె వెనకనుంచి.

“ఇది భూమికి ఆ కొస నుంచి రావాలి. ఇంత ఎండలో.”

వ్యాపారి నవ్వాడు. “సైన్సుకి అందనివి బోలెడుంటాయండి మాస్టారూ. పెద్దలు ఊరికే చెప్పరు.”

“సరే, వస్తుందనే అనుకుందాం. మునిగిపోయే పల్లెలో మీకు పడవలెందుకండీ?”

“వీళ్ల కష్టం చూడలేకండి. నేను కాకినాడ వైపు పంపించుకుంటాను.”

“కాకినాడ సముద్రానికి మూత పెట్టారా బాబుగారూ?” అంది ఆమె. చుట్టూ వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు గొల్లుమన్నారు.

భర్త నవ్వలేదు. పడవ చెక్కను అరచేత్తో నిమిరి, “అమ్మనండి,” అన్నాడు.

“నాస్తికుల మాట విని నాశనమైపోతారు,” అని వ్యాపారి జీపెక్కాడు. అదే రోజు పక్క పల్లెలో పడవలు కొన్నాడని తరవాత తెలిసింది. అక్కడికి నేను వెళ్లలేదు, ఆయన వెళ్లాడు. అంతే తేడా. ఎక్కడో అంతరిక్షం నుంచి మంచుగడ్డ జాడ తీసే విద్య మనిషికి ఉంది. ఆ సంగతి బందరు తీరానికి చేర్చే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. పత్రిక ఆఫీసుకు వెళ్లి అడిగితే, “సైజు కోసం వేశాం సార్, జనం అట్లా అనుకుంటే మేమేం చేస్తాం?” అన్నారు. నేను పట్టుబట్టాక సవరణ వేశారు, సర్టిఫికెట్లు పోయినవాళ్ల ప్రకటనల పక్కన.

వానలు మొదలయ్యాక పీఠంవాళ్లు బెజవాడలో ఊరేగింపు తీశారు. తమ హోమం మంచుకొండను వెనక్కి తిప్పిందట! అది అసలు ఇటు బయలుదేరితే గదా తిప్పడానికి? దాన్ని రాడారు ఇంకా ఆ ధ్రువం దగ్గరే చూస్తూ ఉంది.

ఆ వారం ఆమె చందువా చేపలు తెచ్చింది. ఊరేగింపు సంగతి అడిగాను.

“మా ఆయనా పోతానన్నాడండి. రాని దానికి మొక్కేంటి, వేటకి పో అన్నా. పోయాడు. ఇయ్యి మా పడవలో పడ్డయ్యే.”

“మరి ఆయన మెడలో తాయెత్తు?”

“అది పడవ ముక్కుకి కట్టుకున్నాడండి.”

నాకు మళ్లీ ఒళ్లు మండింది. అది చూసి ఆమె తక్కెడ పైకెత్తుతూ అంది:

“పోనీండి మాస్టారూ. కట్టుకోడానికి పడవుంది గదా.”