చుక్క ముద్ర ఇటుక

మా మావయ్య మేస్త్రీ. అమ్మకు తమ్ముడు. ఊళ్ళో ఆయన్ని అందరూ రసమట్టం అంటారు. గోడ సమంగా ఉందో లేదో చూసే ఆ గాజుగొట్టం, దానిలో అటూ ఇటూ జరిగే బుడగ లేకుండా ఆయన గుమ్మం దాటడు. గోడల్నే కాదు, మనుషుల్ని కూడా దానితోనే కొలుస్తాడని అత్త గొణుగుతుంది. డాక్టరు ఇచ్చిన మాత్రను విరిచి, వాసన చూసి గానీ మింగడు. పెళ్ళి ఫోటోలో అత్త కెమెరా వైపు చూస్తుంటే ఆయన పక్కనున్న గోడ వైపు చూస్తున్నాడు. అది రెండు వేళ్ళు వాలి ఉందట.

ఇంతటి అనుమానప్పక్షికి ఇంకో వింత అలవాటు ఉంది. సాయంత్రం పని దిగాక ఇంటివాళ్ళను గేటు దగ్గరికి పిలుస్తాడు. సంచిలోంచి తాపీ, సుత్తి, దారపుండ ఒక్కొక్కటే తీసి నేలమీద పెడతాడు. చివరికి సంచిని తిరగేసి దులుపుతాడు. "చూసుకోండి, మీది ఏదీ లేదు" అంటాడు. ఎవరూ అడగరు. కొందరు నవ్వుతారు, కొందరు నొచ్చుకుంటారు. నాకు మాత్రం చిన్నప్పటినుంచీ అది చూస్తే ఒళ్ళు మండేది.

ఆ అలవాటుకు కారణం మా తాతయ్య, అంటే అమ్మా మావయ్యల నాన్న. ఆయన కూడా మేస్త్రీయే. నలభై ఏళ్ళ కిందట ఊళ్ళో బడి కట్టింది ఆయనే. ఆ బడి కోసం ఎక్కడో దూరపు బట్టీలో ప్రత్యేకంగా ఇటుక కాల్పించారు. ప్రతి ఇటుక మీదా అయిదు కొనల చుక్క ముద్ర ఉండేది. ఊళ్ళో మరే గోడకూ ఆ ఇటుక వాడలేదు. బడి సగం లేచాక లెక్క చూస్తే రెండు బళ్ళ ఇటుక మాయం. బడి కమిటీకి ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన తాతయ్యను అందరి ముందూ నిలబెట్టి దొంగ అన్నాడు, చేతిలోని తాపీ లాక్కున్నాడు. తాతయ్య పెదవి విప్పలేదు. ఆ తరవాత ఎవరూ ఆయనకు గోడ అప్పగించలేదు. పోయేదాకా వేరేవాళ్ళు కట్టే గోడలకు ఇటుకలు మోశాడు.

అప్పటికి మావయ్యకు పధ్నాలుగేళ్ళు. "నువ్వే తీశావా?" అని ఒక్కసారి అడిగాడట. తాతయ్య జవాబు చెప్పకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మావయ్య నోట 'నాన్న' అనే మాట రాలేదు. చెప్పాల్సి వస్తే 'ఆయన' అంటాడు. అమ్మేమో, తన తండ్రి ఒకరి పూచికపుల్ల ముట్టుకునే మనిషి కాదంటుంది. ఆ మాట దగ్గరే అక్కాతమ్ముళ్ళకు చెడింది. ఇద్దరికీ మధ్య కబుర్లు మొయ్యడం నా పని.

ఈ వేసవిలో ఆ పెద్దాయన కోడలు మావయ్యకు కబురు పెట్టింది. ఆవిణ్ణి టీచరమ్మ అంటారు. పెద్దాయన పోయి చాలాకాలమైంది, ఆ పాత ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది. తోటలో నీళ్ళ సంపు తవ్వి కట్టాలట.

"ఊళ్ళో ఇంతమంది ఉండగా నన్నెందుకు పిలిచింది?" అన్నాడు మావయ్య.

"నువ్వు బాగా కడతావని."

"అంతే అంటావా?" అని నా వైపు కూడా అనుమానంగా చూశాడు. ఆ అనుమానం తీర్చుకోడానికే ఒప్పుకున్నాడు. ఆయనకు భుజం నొప్పి. కళ్ళజోళ్ళ దుకాణంలో నా పని మధ్యాహ్నం నుంచి కాబట్టి పొద్దున్నే స్కూటరు మీద నేనే దింపేదాన్ని. ఎవరు బండి నడిపినా నమ్మడు. నన్ను నమ్ముతాడని కాదు, నా వెనక కూర్చుంటే నా మీద అరవొచ్చు.

టీచరమ్మ తోటలో నాలుగు మూలల్లో మూడు పచ్చగా ఉన్నాయి. నాలుగో మూల గడ్డి తప్ప ఏమీ లేదు. సంపు అక్కడే తవ్వమంది. రెండో రోజు పొద్దున, మోకాలి లోతులో కూలీ గునపం రాతికి తగిలి ఖంగుమంది. మట్టి తీస్తే చదరపు బండ, దానికి తుప్పు పట్టిన ఇనప కడియం. కూలీలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"లంకెబిందెలేమో మేస్త్రీగారూ!"

"నీ మొహం. ఇవాళ్టికి చాలు, ఇళ్ళకు పొండి" అని వాళ్ళను పంపేశాడు.

బండను ముగ్గురం గునపాలతో పక్కకు నెట్టాం. టీచరమ్మ కూడా చీర కుచ్చిళ్ళు పైకి దోపి చెయ్యి వేసింది. కింద మెట్లు. పదకొండు మెట్లు దిగితే గది. పది అడుగుల పొడుగు, ఆరు అడుగుల వెడల్పు. పైన రాతి పలకలు, చుట్టూ సున్నంతో గిలాబా చేసిన నున్నటి గోడలు. ఒక గోడకు నడుమెత్తున అరుగు. నీళ్ళు పోయే తూము లేదు, గాలి వచ్చే కన్నం లేదు. లోపల చీపురు పుల్ల కూడా లేదు. ధాన్యం దాచడానికైతే చెమ్మ. మనిషి దాక్కోడానికైతే ఊపిరాడదు. ఎందుకు కట్టారో నాకు ఇప్పటికీ తెలీదు.

మావయ్య టార్చి లైటు గోడకు ఏటవాలుగా పట్టాడు. అరచేత్తో గోడను తడిమాడు. అలా తడుముతూ ఒకచోట ఆగిపోయి, చటుక్కున చెయ్యి తీసేశాడు.

"పూడ్చేద్దాం. సంపు అటు పక్కన తవ్వుకోవచ్చు" అన్నాడు.

కుక్కర్ మూత కూడా రెండుసార్లు తీసి చూసే మనిషి, భూమిలో గది దొరికితే చూడకుండా పూడ్చేద్దామంటున్నాడు!

"మావయ్యా, ఏం చూశావ్?"

ఆయన టార్చి మళ్ళీ గోడ మీద వేశాడు. తాపీ నడిచిన గీతలు సన్నగా, విల్లులా వంగి కనబడ్డాయి.

"నా తాపీ ఎటు పోతుంది? ఎడమనించి కుడికి. ఇవి కుడినించి ఎడమకి పోయాయి చూడు. పుర్రచేతి వాటం. ఊళ్ళో ఎడంచేత్తో గిలాబా చేసింది ఆయనొక్కడే."

గిలాబా కింద ఏ ఇటుక ఉందో అడగాలనిపించింది, అడగలేకపోయాను. మావయ్య భయం కూడా అదే. చుక్క ఇటుక బయటపడితే దాన్ని ఇక్కడికి చేర్చింది తాతయ్యే అంటారు, ఊరు నలభై ఏళ్ళుగా అన్నమాట నిజమైపోతుంది. అమ్మ ఓడిపోతుంది. అంతకన్నా, మావయ్య తన తండ్రి దొంగ అని తన చేతులతోనే తేల్చినట్టవుతుంది.

మెట్ల మీద నిలబడ్డ టీచరమ్మను చూసి ఆయన కోపం అటు తిరిగింది.

"మీకు ముందే తెలుసు. తెలిసే నన్ను పిలిచారు."

"ఇక్కడ ఏదో ఉందని తెలుసు మేస్త్రీగారూ, ఏముందో తెలీదు" అందావిడ. "మా మావగారు ఈ మూల బంతిమొక్క కూడా పెట్టనిచ్చేవారు కాదు. పిల్లలు బంతి కోసం అటు వెళ్తే కర్ర పట్టుకునేవారు. ఇంకెవరినైనా పిలిస్తే చూసీచూడనట్టు మట్టి కప్పేసి పోతారు. మీరు పోరని పిలిచాను."

మావయ్య మొహం మాడిపోయింది. ఆయన చెయ్యబోయింది సరిగ్గా అదే. తరవాత సంచిలోంచి తాపీ తీసి, పిడితో గోడను తట్టడం మొదలుపెట్టాడు.

పొద్దెక్కే కొద్దీ ఆయన తడుతూనే ఉన్నాడు. నేను దుకాణానికి ఫోన్ చేసి జ్వరమని చెప్పాను. కింద వరస, నడుము వరస, భుజం వరస. అంతా గట్టి చప్పుడే. అరుగుకు పైన, నిలబడ్డ మనిషి కళ్ళకు ఎదురుగా, ఒక్కచోట డొల్లగా మోగింది. మళ్ళీ తట్టాడు. పక్కన తట్టి, మళ్ళీ అక్కడ తట్టాడు.

"ఆయన గోడలో డొల్లా? ఛ!" అన్నాడు. ఆ 'ఛ'లో మొదటిసారి తాతయ్య పనితనం మీద గౌరవం వినబడింది నాకు.

గిలాబా గీకాడు. అది వేలు మందం కూడా లేదు. ఒక్క ఇటుక బయటపడింది. దాని మీద చుక్క, అయిదు కొనలతో, నిన్ననే అచ్చు వేసినంత స్పష్టంగా ఉంది.

అమ్మ ఓడిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. మావయ్య మాత్రం ఇటుక చుట్టూ వేలు తిప్పుతూ ఉన్నాడు.

"దీన్ని నిలబెట్టాడు" అన్నాడు మెల్లగా. "ఇటుకను ఎప్పుడూ పడుకోబెట్టి పేరుస్తాం. ముద్ర పైకుంటుంది, దాని మీద సున్నం పడుతుంది. ఇక కనబడదు. దీన్నొక్కదాన్నే నిలబెట్టి ముద్రని బయటికి తిప్పాడు. వెనకాల ఖాళీ వదిలాడు. తడితే మోగాలని వదిలాడు. పని నేర్చుకునేవాడు కూడా ఈ తప్పు చెయ్యడు."

"అయితే తాతయ్యకు తెలుసన్నమాట" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ మా వంశంలో ఊరుకోవడం తాతయ్యకు తప్ప ఎవరికి చేతనైంది? "చుక్కలు చూస్తూనే పేర్చాడు కదా."

"తెలుసు. దొంగైతే ముద్ర దాచేవాడు. కట్టమన్నది పెద్దాయన. కాదంటే బడి పని పోతుంది. కట్టాక నోరు తెరిస్తే ఎవరు నమ్ముతారు? అంతలోనే దొంగని చేసేశారు." ఆయన చుక్క మీద బొటనవేలు పెట్టాడు. "చెప్పలేక దీన్ని ఇటు తిప్పి పెట్టాడు. ఎవడో మేస్త్రీ వచ్చి తడతాడని. నేను... నేను పక్కనే ఉన్నాను కదే! అడిగిందొక్కసారి. అదీ దొంగని అడిగినట్టు అడిగాను."

ఆయన అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. నలభై ఏళ్ళ ఏడుపు అది, ఆపడానికి నాకు చేతకాలేదు. టీచరమ్మ కూడా మెట్ల మీదే కూర్చుండిపోయింది. కాసేపటికి, "ఈ గది పూడ్చొద్దు. బడి కమిటీ వాళ్ళని రేపే పిలుస్తాను. మా మావగారి పేరు నేనే చెబుతాను" అంది. మావయ్య తలెత్తి ఆవిణ్ణి కాసేపు చూశాడు. నమ్మాడో లేదో చెప్పలేను. రసమట్టం కదా, రేపు వచ్చి చూశాక నమ్ముతాడు.

సాయంత్రం పని దిగాం. టీచరమ్మ గేటు దగ్గర నిలబడింది. కిందటి సాయంత్రం ఆయన సంచి విప్పిన చోటే అది. మావయ్య వచ్చి ఆవిడ ముందు ఆగాడు. సంచి పక్కకు లాగుతోంది, పట్టీ ఆయన నొప్పి భుజంలోకి దిగింది. పనిముట్లకు అంత బరువు ఉండదని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. గదిలో కళ్ళకు ఎదురుగా ఇటుకంత ఖాళీ ఉంది.

"మా నాన్నది ఒకటి మీ దగ్గర ఉండిపోయింది" అన్నాడు. "అక్కకి చూపించాలి. ఇవాళ సంచి విప్పను అమ్మగారూ."

"విప్పమని నేనెప్పుడు అడిగాను మేస్త్రీగారూ?" అని ఆవిడ గేటు రెండు రెక్కలూ తెరిచింది.