గోడకు కొట్టిన బీర గింజలు

దేవరయాంజాల్‌లో మా బీరకాయను నేనే పుట్టించానని చెప్పుకుని తిరిగాను. రెండు జాతుల్ని కలిపానని, పదేళ్లు పువ్వులకు స్వయంగా పెళ్లిళ్లు చేశానని కూడా అన్నాను. వినేవాళ్లు దొరికితే పదేళ్లు ఇరవై అయ్యేవి.

ఆ గొప్పలు విని ఒక విత్తనాల కంపెనీ మనిషి వచ్చాడు. మా కాయ చేదు రాదు, కాస్త ముదిరినా పీచు పట్టదు. కూర తిని మెచ్చుకుని గింజలు అడిగాడు. విత్తనం అడిగినవాళ్లను వట్టి చేతులతో పంపడం మా ఇంట్లో లేదు. పురుగు పట్టకుండా పేడలో అద్ది గోడకు కొట్టిన గింజల్ని నా భార్య గుప్పెడు రాల్చి, అతని రుమాల్లో పోసింది.

రెండేళ్లకు మేడ్చల్ దుకాణంలో అదే బీర, రంగు ప్యాకెట్లో, వాళ్ల పేరుతో కనిపించింది.

కొత్త వంగడాన్ని రైతు కూడా తన పేరున నమోదు చేయించుకోవచ్చని వ్యవసాయ ఆఫీసులో చెప్పారు. అదొక్కటే మాకున్న దారి. ఎలా తయారుచేశారని అక్కడి అధికారిణి అడిగింది. నా నోరు ఊరుకుంటుందా? కలిపిన కథంతా చెప్పాను. ఆమె రాసుకుంది, నేను సంతకం పెట్టాను, కాగితం ఢిల్లీకి పోయింది. కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది: నేను కలిపిన ఆ రెండు జాతుల గింజలూ పంపాలట.

ఉత్తరం సంగతి నా భార్యకు చెప్పక తప్పలేదు.

"నువ్వేడ కలిపినవయ్యా? బీర పాదుకు నీళ్లు పొయ్యమంటె సొర పాదుకు పోసెటోనివి," అంది.

నిజం ఇదీ. ఏటా అన్నిటికంటే మంచి తీగకు ఆమె పాత చీర పేలిక కట్టేది. దాని మొదటి కాయను కోయనిచ్చేది కాదు. అది తీగ మీదే ఎండాక గింజలు తీసి గోడకు కొట్టేది. నేను చేసిందల్లా కూర తినడం.

మర్నాడు ఆమెనూ, గోడ నుంచి ఊడదీసిన ఒక పేడ బిళ్లనూ వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లి, అంతా ఒప్పుకున్నాను.

"మొదటే ఇది చెప్పి ఉంటే సరిపోయేది తాతగారూ. ఏరి పెంచినా రైతు వంగడమే. ఇప్పుడు మాట మారిస్తే కంపెనీవాళ్లు మీ సంతకమే చూపిస్తారు," అంది అధికారిణి. మళ్లీ రాసి చూద్దామంది గానీ, కలం మాత్రం తీయలేదు. ఈ గింజలు కంపెనీ ప్యాకెట్ కంటే ముందువేనా, ఏ ఏటివి అని అడిగింది. పేడ మీద తేదీ ఎవరు వేస్తారు?

బయటికొస్తుంటే అటెండరు వెనకే వచ్చాడు. "అవ్వా, నాక్కూడ రెండు గింజలియ్యరాదు?"

వద్దనాలనుకున్నాను, అనలేకపోయాను. ఆమె అప్పటికే బిళ్ల విరుస్తూ, "మొదటి కాయ కొయ్యకు బిడ్డా, ఇత్తనానికి ఇడిసిపెట్టు," అని చెబుతోంది.