పెంటప్ప సాంచాలు ఆపే వేళ

విమానానికి కొబ్బరికాయ కొట్టిన మనిషి సోలాపూర్ దాజీ పేట్ మొత్తంలో పెంటప్ప ఒక్కడే. దసరాకు మగ్గాలకు పూజ చేసినట్టే చేశాడు. కూతురు ఋతుజ పైలట్ పని నేర్చుకుంటున్న ఊరికి బస్సులో పోయి, ఆమె నడిపే చిన్న విమానం ముక్కుకు పసుపు రాసి, రెక్కకు బొట్టు పెట్టి, ముందు చక్రం దగ్గర కాయ కొట్టాడు. పెంకులు ఎగిరి విమానం ముక్కున తిరిగే పంకాకు తగిలితే ప్రమాదమని ఆ పూట విమానాలన్నీ ఆపేసి, ముగ్గురు చీపుళ్లు పట్టి ఊడ్చారు. ఋతుజ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఈయనెవరో తెలియనట్టు నిలబడింది. పెంటప్ప ఊడ్చినవాళ్లకు కూడా ప్రసాదం పంచి, నిమ్మళంగా ఇంటికొచ్చాడు.

ముప్పై ఏళ్లుగా అతను నాలుగు సాంచాల మీద టవళ్లు నేస్తున్నాడు. కరెంటు మగ్గాలు కదా, ఆ చప్పుడులో ఫోన్ మోగినా వినపడదు. అందుకని తండ్రీకూతుళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు: విమానం దింపగానే ఆమె మిస్డ్ కాల్ ఇవ్వాలి. అంగీ జేబులో ఫోన్ వణికితే పెంటప్ప పక్క సాంచాల లక్ష్మణ్‌కు అరచేయి కిందికి దించి చూపేవాడు, బిడ్డ దిగిందని. రోజుకు మూడు నాలుగుసార్లు.

"నీ బిడ్డ దిగుడేమో గని కాకా, నీ చెయ్యి చూసుడే నాకు డ్యూటీ అయింది" అని లక్ష్మణ్ అన్నాల దగ్గర మొత్తుకునేవాడు.

ఒక గురువారం ఫోన్ వణకలేదు. ఆ పొద్దు ఒక్క దారమూ తెగలేదు. నాలుగు సాంచాలూ ఆగకుండా నడిచాయి. ఇంత నున్నటి బట్ట ఈ నెలలో నేయలేదని పెంటప్ప ఖుషీగా ఉన్నాడు. ఆ ఖుషీకి తనను తాను ఇప్పటికీ మాఫ్ చేసుకోలేదు.

ఒంటరిగా నడుపుతున్న ఋతుజ విమానం నేలకు తగిలి ఎగిరి, మళ్లీ తగిలి ఎగిరిందట. వేగం పెంచి పైకి పోవాల్సింది, ముక్కు కిందికి వంచిందట. ముందు చక్రం విరిగి బోల్తా పడింది. బిడ్డ దక్కలేదు. నేర్పించిన సారు ఇదంతా బల్ల మీద అరచేత్తో చూపించాడు. పెంటప్ప ఆ చేతినే చూస్తూ, ఇంతకుముందు ఒంటరిగా ఎన్నిసార్లు మంచిగ దింపిందని మాత్రం అడిగాడు. సారు పుస్తకం తిరగేసి నలభై ఒకటన్నాడు. పిల్లకు దింపరాలేదట అని పేటలో ఎవరన్నా అంటే, పెంటప్ప భార్య అంజమ్మ బీడీల చాట పక్కన పెట్టి, నలభై ఒక్కసారి దింపిందని చెప్పేది.

ఇప్పుడు సోలాపూర్ మీదికి పొద్దున పూట అలాంటి చిన్న విమానాలు వస్తున్నాయి, ఎవరి పిల్లలో నడిపేవి. కిటికీలో రెక్క కనబడగానే పెంటప్ప నాలుగు సాంచాలూ ఆపి వాకిట్లోకి పోతాడు. విమానం రేకుల కప్పుల వెనక్కి తగ్గి మాయమవుతుంది. దిగిందో లేదో ఇక్కడి నుంచి తెలియదు. చాలాసేపు నిలబడి, పొగ లేవలేదని నమ్మకం కుదిరాకే లోపలికొస్తాడు.

ఆగిన సాంచా మళ్లీ కదిలిన చోట బట్టలో అడ్డంగా సన్న గీత పడుతుంది. గీతల టవళ్లు వెనక్కి వచ్చాయి. కార్ఖానా సేట్ వినాయక్ చిన్నప్పుడు పెంటప్ప దగ్గరే పని నేర్చుకున్నాడు కాబట్టి రెండు నెలలు ఓపిక పట్టాడు. చివరికి తనే వాకిట్లోకి వచ్చి, ఇట్లయితే సాంచాలు ఇంకొకరికి ఇవ్వక తప్పదన్నాడు. పైన విమానం తగ్గుతోంది.

"నువ్వు ఆపితే దానికేం ఫాయిదా కాకా? ఇక్కడ బట్ట ఖరాబైతుంది."

పెంటప్ప కళ్లు ఆకాశం మీదనే ఉన్నాయి.

"దిగనీ సేట్, నడిపిస్త."