గాలి చొరబడిన అంచు

నాది శీతల గదులు, ఏసీలు బిగించే పని. ఇక్కడ బర్మాలో, మింగళాడోన్ వైపు ఫ్యాక్టరీల్లో రాగి గొట్టాలు అతికి, లోపలి గాలినంతా పంపుతో లాగేసి, ఆ శూన్యం నిలుస్తుందో లేదో చూసి, ఆ తర్వాతే గ్యాస్ ఎక్కిస్తాం. మీటర్ ముల్లు కదలకపోతే పని బాగున్నట్టు. కదిలితే ఎక్కడో లీకు ఉన్నట్టు. చదువుకున్న రోజుల నుంచీ ఇదే నమ్ముకున్నవాణ్ణి. అందుకే నాన్న ఛాతీకి వ్యాక్యూమ్ యంత్రం పెడతామని డాక్టర్లు అన్నప్పుడు నాకు భయం కన్నా ధైర్యమే ఎక్కువ కలిగింది.

గుండె ఆపరేషన్ బాగానే జరిగింది. నాన్న తామ్వేలోని ఇంటికి తిరిగొచ్చి మా పప్పుల కొట్లో కూర్చున్నాడు కూడా. తర్వాత కుట్ల మధ్య నుంచి చీము కారడం మొదలైంది. జ్వరం పట్టుకుంది. దగ్గినప్పుడల్లా రొమ్ము ఎముక లోపల కిర్రుమనేది. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎముకను పట్టి ఉంచిన తీగలు తీసేసి, చచ్చిన కండ కోసేసి, గాయాన్ని తెరిచే ఉంచారు.

అడుగున గుండెకు ఒరుసుకోకుండా ఒక పలచని పొర. దాని మీద గాయం ఆకారానికి కత్తిరించిన నల్లటి స్పాంజి. పైన చర్మానికి అతుక్కునే పారదర్శకపు ఫిల్మ్. ఫిల్మ్‌కు చేసిన రంధ్రం నుంచి గొట్టం, గొట్టం చివర డబ్బా తగిలించిన చిన్న యంత్రం. అది మీటర్ మీద నూట పాతిక చూపిస్తూ, ఆగకుండా లాగుతుంది. చీమూ నీరూ డబ్బాలోకి పోతాయి, అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ పుడుతుంది. అలా పుట్టాక పక్క కండరాన్ని తిప్పి గాయాన్ని మూసేస్తామన్నాడు సర్జన్.

"మధ్యలో లాగడం ఆగిపోతే?" అని అడిగాను.

"ఎక్కువసేపు ఆగితే ఆ స్పాంజే చీముకి గూడవుతుంది. మనిషి మిగలడు."

నాన్నకు ఈ చివరి మాట చెప్పలేదు. ఆయన మాత్రం నన్ను చూడగానే మొదలుపెట్టేవాడు.

"ఏరా ఏసీ మేస్త్రీ, నాకు గేస్ ఎప్పుడు ఎక్కిత్తావు?"

"ముందు లీకు లేకుండా నిలబడాలి నాన్నా."

"ఇన్నావేటే, నీ కొడుకు నాకు గేరంటీ కార్డు కూడా రాసిచ్చీసేలాగున్నాడు," అని అమ్మతో అని, నవ్వబోయి, ఛాతీ మీద దిండు అదుముకుని ఆగిపోయాడు.

అవి ఎండలు మండే రోజులు. కరెంటు పోతే జనరేటర్ మీద లైట్లు వెలిగేవి, ఫ్యాన్లు తిరిగేవి కావు. యంత్రానికి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. అలారం మోగింది బ్యాటరీకి కాదు, లీకుకి. నర్సు వచ్చి ఇంకో ఫిల్మ్ ముక్క అతికించింది. నర్సునైనా టీచరునైనా ఇక్కడ సయామా అనే పిలుస్తాం. సయామా అటు వెళ్లగానే మళ్లీ మోగింది. చెమట వల్లేమో అంది ఆమె. మర్నాడూ అదే తంతు. స్పాంజి బిగుసుకోవాల్సింది పోయి మెత్తగా ఉబ్బి ఉండేది.

లీకు ఉండగలిగిన చోట్లు తక్కువే. డబ్బా మూత, గొట్టం అతుకు, ఫిల్మ్ మడతలు, ఫిల్మ్ అంచు. ఒక్కొక్కటీ చూసి కొట్టేస్తూ వచ్చాను. పనిలో అయితే సబ్బునీళ్లు పూసి బుడగ కోసం చూస్తాం. ఇక్కడ చెవే సాధనం. నాన్న ఛాతీ మీదికి వంగి విన్నాను. ఎడమ భుజం ఎముక కింద సన్నగా ఈల. అక్కడ ఫిల్మ్ మూల లేచి ఉంది. దాని కింద లేత పసుపు రంగు పొడి ఎండి అంటుకుని ఉంది.

వాసన చూడక్కర్లేకుండానే తెలిసింది. తనాకా. ఈ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ సాన మీద ఆ చెక్క అరగదీసి గంధంలా బుగ్గలకు పూసుకుంటారు. మా అమ్మ అందులో కాస్త పసుపు కలుపుతుంది. చెమటకాయలకైనా, దోమకాటుకైనా, పరీక్షల ముందు నా తలనొప్పికైనా అదే మందు.

"అమ్మా, ఇదేటి?"

అమ్మ చేతిని పైట చెంగులో దాచుకుంది. "దురదెడతందన్నారు మీ నాన్న. ఆ మూల లేసిపోయుంటే ఏలు దూర్చి కొంచిం రాసినాను. సల్లగుంటాదని."

"ఒక్కసారేనా?"

"ఒళ్లు తుడిసినప్పుడల్లా."

"అది రాస్తే ప్లాస్టిక్ అతకదమ్మా. లోపలికి గాలి దూరిపోతంది."

"గాలి దూరితే ఏటయిపోద్ది బాబూ? అందరం పీల్సే గాలే గదా?"

నాన్న కళ్లు మూసుకునే అన్నాడు. "నానే రాయమన్నాన్రా. సీలు నీది, సర్మం నాది. దాన్నేటీ అనకు."

సయామాకు బర్మీస్‌లో చెబితే ఆమె కోప్పడలేదు. చర్మమంతా శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, కొత్త స్పాంజి, కొత్త ఫిల్మ్ వేయించింది. ఈల ఆగిపోయింది. స్పాంజి ఎండుద్రాక్షలా ముడుచుకుని గట్టిపడింది.

అమ్మ మాత్రం తన స్టూలును మంచం కాళ్ల వైపుకి జరుపుకుంది. గంజి తాగించమన్నా రాలేదు.

"ఇలాగొచ్చి కూకోయే, అంత దూరమేటి?" అనేవాడు నాన్న.

"వద్దు. నా సెయ్యి మంచిది కాదు," అనేది. అక్కడి నుంచే పాదాలు ఒత్తేది.

తర్వాత కట్టు మార్చినప్పుడు గాయం అడుగున ఎరుపు కనిపించింది. తాజా కండ. గెలిచామనుకున్నాను. కానీ ఆ సాయంత్రం నుంచే నాన్నకు వణుకు మొదలైంది. ఒంటేలు తగ్గిపోయింది. నన్ను చూసి, ఎప్పుడో చనిపోయిన తన తమ్ముడనుకుని కొట్టు తాళాలు అడిగాడు. సర్జన్ నన్ను వరండాలోకి పిలిచి, గాయం బాగుంది కానీ క్రిమి రక్తంలోకి వెళ్లింది, మన దగ్గరున్న మందులకు లొంగడం లేదు అన్నాడు.

"ఆ లీకు వల్లనా?"

"కాదు. అది ముందు నుంచీ ఎముకలోనే ఉంది."

ఆ మాట అమ్మకు తెలుగులో చెప్పాను.

"మనం ఏడుత్తామని డాకటర్లు అలాగే సెప్తార్రా," అంది.

నాన్న పోయిన మధ్యాహ్నం కరెంటు ఉంది. యంత్రం నూట పాతికే చూపిస్తోంది. అలారం లేదు. సయామా దాన్ని ఆపగానే, ముడుచుకుని ఉన్న స్పాంజి ఫిల్మ్ కింద మెల్లగా పైకి లేచింది. ఊపిరి పీల్చాడనుకుని అమ్మ స్టూలు మీంచి లేచి నిలబడింది. సయామా తల అడ్డంగా ఊపింది.

స్పాంజి తీసేసి, గాయాన్ని గుడ్డతో కట్టి నాన్నను మాకు అప్పగించారు. శవాలగది పక్కన అరుగు మీద స్నానం చేయించాం. మా వాళ్లలో మొదటి పసుపు భార్యే రాయాలి. పక్కింటి పెద్దావిడ గిన్నె అందించింది. అందులో పసుపు, ఇంటి దగ్గర అరగదీసి తెచ్చిన తనాకా.

"రాయమ్మా, నువ్వు రాయందే ఇంకెవులూ ముట్టుకోకూడదు."

అమ్మ గిన్నె పట్టుకుని నా వైపు చూసింది.

"ఇప్పుడు రాత్తే గాలి దూరదు గదా, బాబూ?"

"దూరదమ్మా."

నుదుటికి రాసింది. బుగ్గలకు, మెడకు, భుజాలకు రాసింది. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి, ఇందాకటిదాకా ఫిల్మ్ అంచు ఉన్నచోట చేయి ఆగింది. ఆ గీత దాటకుండా, కట్టు చుట్టూ జాగ్రత్తగా చోటు వదిలి, మిగతా ఒళ్లంతా రాసింది.